షిప్పు దిగిన బల్ల

మధ్యాహ్నం అన్నం తిని నడుం వాలిస్తే నా మంచం ఇప్పటికీ కొద్దిగా ఊగుతుంది. ఫ్యాను గాలికి కిటికీ తెర లేచి పడుతూ ఉంటుంది. ఆ తెర వెనక ఉండాల్సింది చిలకలగూడ సందు. కానీ ఆ వేళప్పుడు అక్కడ నీళ్లుంటాయి. ఇస్త్రీ బండి దగ్గర ఎవరో ఎవర్నో పిలిస్తే ఆ కేక దూరంగా ఒక రేవులోంచి వచ్చినట్టు వస్తుంది. స్టేషన్‌లో ఇంజన్ కూస్తే అది రైలు కూతే అని ఒప్పుకోవడానికి నాకు చాలాసేపు పడుతుంది. ఈలోగా నడుముకి నీలం చార ఉన్న పెద్ద తెల్ల షిప్పొకటి నన్ను మోసుకుంటూ, ఏ తొందరా లేకుండా, ఎటో వెళ్తూ ఉంటుంది. నీ బరువుకి షిప్పయితేనే సరి అని మా ఇంట్లో వాళ్లంటారు. నేను కాదనను.

ఇంతా చేసి నేను ఆ షిప్పులో ఉన్నది అరపూట. అది కూడా మద్రాసు హార్బరులో, మనిషి తొడంత లావు తాళ్లతో కట్టేసి, బెత్తెడు కూడా కదలకుండా ఉన్నప్పుడు. కదలని ఓడ ఎక్కి జన్మంతా ఊగుతున్నదాన్ని బహుశా నేనొక్కదాన్నే.

దాని అసలు పేరు రాయను. మా ఇంట్లో దాన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్లు లేరు. నాన్న "మన షిప్పు" అనేవాడు. అమ్మ "ఆవిడ" అనేది. "ఆవిడ మద్రాసు ఎప్పుడు చేరుతుందట?" అని అమ్మ అడిగితే, ఆ గొంతులోని పులుపు చిన్నపిల్లనైన నాకు కూడా నాలిక్కి తగిలేది.

నాన్న ఆ షిప్పులో భోజనాల హాలు స్టీవార్డు. అంటే వడ్డించే మనిషి. మద్రాసులో బయలుదేరి, పెనాంగు మీదుగా సింగపూరు చేరి, మళ్లీ వచ్చిన దారినే వెనక్కి రావడం షిప్పు పని. ఎక్కినవాళ్లని వేళకి కూర్చోబెట్టి, వేళకి పెట్టి, మర్యాదగా లేపి పంపడం నాన్న పని.

అమ్మానాన్నలది కాకినాడ వైపు. అమ్మకి సికింద్రాబాదులో మిషన్ స్కూల్లో టీచరు ఉద్యోగం రావడంతో కాపురం ఇక్కడ పెట్టారు. సముద్రం మీద ఉద్యోగం చేసే మనిషి సముద్రం లేని ఊళ్లో ఇల్లు పెట్టుకోవడం ఏమిటని చుట్టాలు నవ్వేవారట. మా ఊళ్లోనూ ఒక సాగర్ ఉందని అమ్మ జవాబు చెప్పేది. నాన్న సెలవులో వచ్చినప్పుడు ట్యాంక్‌బండ్ మీదికి తీసుకెళ్లి హుస్సేన్‌సాగర్‌ని చూపించింది కూడా. నాన్న దాన్ని ఆ చివర్నించి ఈ చివరిదాకా ఓపిగ్గా చూసి, "సూపు ప్లేటు" అన్నాడు. అమ్మ వెంటనే రిక్షా పిలిచింది.

ఆయన ఏడాదికోసారి వచ్చి, నెల ఉండి వెళ్లేవాడు. ఆ నెలంతా ఇల్లు పెళ్లివారిల్లులా ఉండేది. తర్వాత పదకొండు నెలలు పెళ్లివారు వెళ్లిపోయిన ఇల్లులా ఉండేది.

నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు, ఓ వేసవి సెలవుల్లో, షిప్పు చూపిస్తాను రమ్మని నాన్న కబురు పెట్టాడు. అమ్మా నేనూ మద్రాసు రైలెక్కాం. హార్బరులో దాన్ని మొదటిసారి చూసినప్పుడు అది ఓడ అని నాకు తోచలేదు. నీళ్ల పక్కన ఎవరో తెల్ల గోడ కట్టారనుకున్నాను. తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ దాని పై అంచు కనపడలేదు. నిచ్చెన లాంటి మెట్లెక్కి లోపలికి అడుగుపెట్టగానే ఒక వాసన వచ్చింది. కొత్త రంగు, ఇత్తడి తుడిచే పాలిష్, ఉతికి గంజిపెట్టిన దుప్పట్లు, వీటన్నిటి అడుగున ఎక్కడో కాఫీ. ఆ కలగలుపు వాసన మళ్లీ నాకెక్కడా దొరకలేదు. కలల్లో దొరుకుతుంది, కానీ కలల్లో ముక్కుని నమ్మలేం.

దారి పొడుగునా ఇత్తడి కమ్మీలు మెరిసిపోతున్నాయి. గుండ్రటి కిటికీలోంచి చూస్తే గుండ్రటి ఆకాశం. ఒక్కో కిటికీలో ఒక్కో కాకి. నాన్న తెల్ల కోటు వేసుకుని మాకు ముందు నడుస్తున్నాడు. ఇంట్లో లుంగీలో చూసిన మనిషి కాదాయన. వీపు నిటారుగా, తల కొద్దిగా పక్కకి వంచి, "ఇటు దయచేయండి" అంటున్నాడు. నేను నిజంగానే దయచేశాను, గౌను రెండు చేతులతో పట్టుకుని.

భోజనాల హాలు ఖాళీగా ఉంది. టేబుళ్లు నాలుగు కాళ్ల టేకువి. కాళ్ల కింద ఇనప తొడుగులు, వాటిని నేలకి బిగించేసిన మరలు. టేబులు చుట్టూ పైకి లేపగలిగే చిన్న అంచు పట్టీలున్నాయి. సముద్రం పోటు మీదుంటే వాటిని లేపుతారట, ప్లేట్లు జారి పడకుండా. అప్పుడు బల్ల మీద గుడ్డని తడుపుతారట కూడా, తడి గుడ్డ మీద గిన్నె నిలుస్తుందని. నాన్న ఇవన్నీ చేసి చూపించాడు. అమ్మ ఆ మాటలు సగమే వింది. ఒక కుర్చీలో కూర్చుని పక్క కుర్చీ మీద చెయ్యి తట్టింది.

"కూర్చోండి. ఎవరూ లేరుగా."

"ఇక్కడ నేను కూర్చోకూడదు."

"ఎవరు చూస్తారు?"

"కుర్చీకి తెలుస్తుంది, మేడమ్," అన్నాడు నాన్న నవ్వుతూ.

మాకు టీ తెచ్చిపెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని అమ్మ కుర్చీ వెనక నిలబడ్డాడు. కప్పు మీద షిప్పు బొమ్మ ఉంది. నేను దాన్ని చూస్తూ తాగాను. అమ్మ దేన్నీ చూడకుండా తాగింది.

తిరుగు రైల్లో, గూడూరు దాటాక కాబోలు, అమ్మ నన్నడిగింది. "మీ నాన్న నా పక్కన కూర్చుని అన్నం తినగా నువ్వెప్పుడైనా చూశావా?"

ఆలోచించాను. సెలవులో వచ్చినప్పుడు కూడా ఆయన మాకు వడ్డించి, మా చేతులు కడిగించి, తర్వాత వంటింట్లో పొయ్యి పక్కన నిలబడి ప్లేటు చేత్తో పట్టుకుని తినేవాడు. స్టీవార్డులు అలాగే తింటారట, రెండు బంతుల మధ్య దొరికిన కాస్త సందులో. చూడలేదని చెప్పాను. అమ్మ కిటికీ వైపు తిరిగింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏం లోటుందో నాకు తెలుసు.

నేను పదో తరగతిలో ఉండగా షిప్పుకి వయసైపోయిందని కబురొచ్చింది. "ఆవిడ రిటైరయిందట," అంది అమ్మ. ఆ గొంతులో సంతోషం ఉందేమోనని వెతికాను, లేదు. జాలి ఉందేమోనని వెతికాను, అదీ లేదు. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలా ఉంది అమ్మ, ఇంకా ఫలితం రాలేదన్నట్టు. షిప్పుని పడమటి తీరానికి తీసుకెళ్లి విడగొట్టేస్తారని నాన్న ఉత్తరంలో రాశాడు. అంతకుముందు అందులో సామాన్లు అమ్మేస్తుంటే పనివాళ్లకి కూడా తలా ఒకటి దక్కిందట. ముందు నాన్న వచ్చాడు, ఒక ట్రంకు పెట్టెతో. వెనక గూడ్సులో ఆయన సామాను వచ్చింది. స్టేషన్ నుంచి బండి మీద తెచ్చి, నలుగురు మనుషులు మోసి దింపితే అది భోజనాల బల్ల. ఇనప తొడుగులతో సహా.

పై వాటాలో ఉండే ఓనరమ్మ మెట్ల మీద నిలబడి చూసింది. ఆమెకి మా సంగతులన్నీ కావాలి, మాకు ఆమె ఫోను కావాలి. అందుకని మంచి స్నేహం. "ఇంట్ల మంచం లేదు గానీ గింత టేబులెందుకమ్మా," అంది. మంచం ఉంది. నాన్న వచ్చాక ఆయనకది చాలట్లేదు, అంతే. కాళ్లు ఎడంగా పెట్టి పడుకునేవాడు, నేల ఎప్పుడు ఒరుగుతుందోనని. సందులో కూడా అలాగే నడిచేవాడు.

అలలు పోయాయి గానీ అలవాట్లు పోలేదు. భోజనం వేళకి స్టీలు ప్లేటు మీద గరిటెతో మూడు దెబ్బలు కొట్టేవాడు. అమ్మ పాత చీర ముక్కల్ని తామరపువ్వుల్లా మడిచి కంచాల పక్కన పెట్టేవాడు. ఆ పువ్వుతో మూతి తుడుచుకోవడానికి నాకు మనసొప్పేది కాదు. అమ్మని మేడమ్ అనేవాడు. అమ్మ స్కూల్లో పొద్దంతా అదే పిలుపు విని వచ్చేది. ఇంటికొచ్చినా బడే, అనేది. ఆదివారం చర్చిలో కూడా నాన్న కూర్చునేవాడు కాదు. వచ్చినవాళ్లకి చోటు చూపించి కూర్చోబెట్టే పని తానుగా పెట్టుకున్నాడు. పాస్టరుగారు ఎంతో సంతోషించారు. బెంచీ మీద అమ్మ పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేది.

ఇక భోజనాల దగ్గర జరిగేది చూడాల్సిందే. అమ్మ తెలుగింటి ఆడది, ఆయన తిన్నాక తింటానంటుంది. నాన్న స్టీవార్డు, మేడమ్ తిన్నాక తింటానంటాడు. అమ్మ కూర గిన్నె తీసుకుంటుంది. నాన్న ఎంతో మర్యాదగా ఆ గిన్నె ఆమె చేతిలోంచి లాక్కుంటాడు. ఇద్దరూ వడ్డించేవాళ్లే, తినేదాన్ని నేనొక్కదాన్నే. ఆ రోజుల ఫలితం ఇప్పటికీ నా నడుం చుట్టూ ఉంది. మొత్తానికి నాన్న కూర వేసే మనిషే గానీ కూర్చునే మనిషి కాదని తేలిపోయింది.

ఓనరమ్మ కూడా కనిపెట్టింది. "ఏందమ్మా టీచరమ్మా, మీ సారు గట్ల నిలబడే ఉంటడు? కాళ్లు గుంజవా? జెర కూసోమనరాదు."

"చెప్పి చూశానండీ," అంది అమ్మ.

ఇంతలో మద్రాసు నుంచి ఫోన్లు మొదలయ్యాయి. నాన్నతోపాటు షిప్పు వంటగదిలో పనిచేసిన నెల్లూరాయన ఒకాయన ఇంకో కంపెనీ షిప్పులో చేరుతున్నాడట. అనుభవం ఉన్న స్టీవార్డులు కావాలంటున్నారట, రమ్మంటున్నాడు. నాన్న పైకెళ్లి మాట్లాడి వచ్చేవాడు. ఏమన్నారని అమ్మ అడగదు. "చూస్తానన్నాను," అని నాన్నే చెప్పేవాడు. ట్రంకు పెట్టె మంచం కింద ఇంకా సర్దినట్టే ఉంది. అందులో తెల్ల కోట్లున్నాయి. ఓ పొద్దున నాకు జడ వేస్తూ అమ్మ, నాతో అన్నట్టూ కాదు, తనలో అనుకున్నట్టూ కాదు, జడతో అన్నట్టు అంది.

"నిలబడ్డ మనిషికి వెళ్లడానికి ఒక్క అడుగు చాలు."

ఆ బల్ల సంగతి చెప్పాలి. షిప్పులో నేలకి మరలతో బిగించి ఉన్నంతకాలం అది పర్వతం. మా ఇంట్లో నేల షాబాదు బండలది, ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. బల్లకి మూడు కాళ్లు ఆనేవి, నాలుగోది ఆనేది కాదు. ఓ మూల చెయ్యి వేస్తే అటు ఒరిగేది, తీస్తే ఇటు ఒరిగేది. గాలివానల్లో కదలని బల్ల చిలకలగూడలో ఊగడం నాన్నకి తల కొట్టేసినట్టయింది. అగ్గిపెట్టె పెట్టి చూశాడు, నలిగిపోయింది. చివరికి షిప్పు నుంచి తెచ్చుకున్న మెనూ కార్డుల్లోంచి ఒకటి తీసి, నాలుగు మడతలు పెట్టి కాలి కింద దోపాడు. దళసరి కార్డు, పైన షిప్పు బొమ్మ. బల్ల కుదురుకుంది.

ఓ సాయంత్రం వాన పట్టుకుని కరెంటు పోయింది. వాన ఎక్కువగా ఉంటే నాన్నకి మాట వచ్చేది. కిటికీ దగ్గర నిలబడి తుఫాను కథ చెప్పాడు. అమ్మ దీపం దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

బంగాళాఖాతంలో, ఒక నవంబరులో, షిప్పు రెండు రోజులు ఊయల అయిపోయిందట. జనమంతా కడుపులో తిప్పి గదుల్లో పడకేశారు. హెడ్ స్టీవార్డు కూడా పడకేశాడు. మధ్యాహ్నం గంట కొడితే అంత హాల్లోకి ఒక్క మనిషే వచ్చింది, చిన్న బొట్టు పెట్టుకున్న ముసలామె, గోడలు పట్టుకుంటూ. రసం అన్నం కావాలంది. నాన్న గుడ్డ తడిపాడు, అంచులు లేపాడు. అయినా రసం గిన్నె ఇటొకసారి అటొకసారి ప్రయాణం చేస్తోంది. నిలబడి పట్టుకుందామంటే తనే నిలబడలేకపోతున్నాడు. అప్పుడామె అరవంలో అందట, నాయనా, నువ్వు కూర్చుని గిన్నె పట్టుకో, నేను తింటాను, తర్వాత నేను పట్టుకుంటాను, నువ్వు తిను అని.

"కూర్చున్నారా?" అమ్మ పేపరు మీంచి తలెత్తలేదు.

"కూర్చున్నాను. అన్నేళ్లలో అదొక్కసారే. ఆ కుర్చీ మెత్తగా ఉంటుందని అప్పుడే తెలిసింది."

"తిన్నారా?"

"తిన్నాను. ఆవిడ గిన్నె పట్టుకుంది."

అమ్మ చాలాసేపు ఒకే పేపరు దిద్దింది. ఆ పిల్లకి ఎన్ని మార్కులొచ్చాయో గానీ, అంత శ్రద్ధగా ఎవరి పేపరూ దిద్ది ఉండదు.

మర్నాడు భోజనాల వేళ నాన్న గరిటె దెబ్బలు కొట్టి, పప్పు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టాడు. బల్ల అటు ఒరిగింది. గిన్నె బయలుదేరింది. నాన్న చటుక్కున ఆ మూల పట్టుకున్నాడు.

"అట్లాగే పట్టుకోండి," అంది అమ్మ. "వంగి పట్టుకుంటే నడుం పోతుంది. కూర్చుని పట్టుకోండి."

"మెనూ కార్డు ఏమైంది?"

"ఎలకలు ఈడ్చుకెళ్లినట్టున్నాయి. పప్పు చల్లారిపోతోంది."

నాన్న కుర్చీ అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా కూర్చున్నాడు. రెండు నిమిషాలే అన్నాడు. అమ్మ ఆయన కంచంలో అన్నం పెట్టి, గబగబా పక్క కుర్చీలో కూర్చుని తన కంచం ముందుకు లాక్కుంది. ఆయన ఎడంచెయ్యి బల్ల మీద, కుడిచెయ్యి అన్నంలో. అమ్మ ఆ రోజు ఎంత నెమ్మదిగా తిందంటే, ముద్దని చూసి, దాని క్షేమసమాచారాలు కనుక్కుని నోట్లో పెట్టుకున్నట్టు తింది. నేను వాళ్లిద్దర్నీ ఎదురుగా చూస్తూ మజ్జిగ దాకా వచ్చి, మళ్లీ పప్పు దగ్గరికి వెళ్లాను. బల్ల ఒరగకూడదు కదా, నా వంతు బరువు కూడా ఉండాలి.

సాయంత్రానికి మెనూ కార్డు కిటికీ గట్టు మీద దొరికింది. నాన్న తీసి మళ్లీ కాలి కింద దోపాడు. మర్నాడు మళ్లీ లేదు. అమ్మ స్కూల్లో అబద్ధం చెప్పిన పిల్లని గంటసేపు నిలబెట్టే టీచరు. ఇంట్లో రోజూ ఎలకల మీద నెట్టేసేది. వారం పోయాక నాన్న అన్నాడు, "షిప్పులో నానా దేశాల ఎలకల్ని చూశాను. మెనూ చదివే ఎలకల్ని మాత్రం మన ఇంట్లోనే చూస్తున్నాను, మేడమ్."

అమ్మ నవ్వలేదు. నవ్వితే పట్టుబడిపోతుంది.

అయినా నాన్నకి ఆ బల్లని బాగు చేయించకపోతే మనసు నిలవలేదు. బన్సీలాల్‌పేట్ నుంచి ఓ వడ్రంగిని పిలుచుకొచ్చాడు. అతను వంగి చూసి, నేల మీద చెయ్యి రాసి, "ఫర్ష్ ఖరాబుంది సార్, టేబుల్ మంచిగనే ఉంది. మూడు కాళ్లు జెర కోస్తే బరాబర్ అయితది," అన్నాడు. రంపం సంచిలోంచి బయటికి వచ్చింది. అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కోయడానికి వీల్లేదు. అది షిప్పు జ్ఞాపకం."

నాన్న తెల్లబోయాడు. అన్నేళ్లు ఆవిడ, ఆవిడ అని పుల్లగా పలికిన మనిషి ఇప్పుడు ఆవిడ కాళ్లకి అడ్డం పడుతోంది. వడ్రంగి టీ తాగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఏ మాటా బల్లగుద్ది చెప్పింది లేదు. గుద్దితే పప్పు ఒలుకుతుంది.

ఆ రోజుల మధ్యాహ్నాలే నాకు ఇప్పటికీ కలల్లోకి వస్తాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఎండ కిటికీ ఊచల్లోంచి బల్ల మీద పడేది. బల్ల ఊగినప్పుడల్లా స్టీలు గ్లాసుల్లో నీళ్లు ఒక పక్కకి లేచి, ఎండ తగిలి, పైకప్పు మీద వెలుగు అలలు ఆడేవి. నాన్న ఎడంచెయ్యి అలా వేసుకుని పెనాంగు చెప్పేవాడు. తెల్లవారుజామున రేవు దగ్గర పడుతుంటే దీపాలు ముందు నీళ్లలో కనపడతాయట, తర్వాతే ఒడ్డు మీద కనపడతాయట. గాలిలో లవంగాల వాసన తేలివస్తుందట. పై డెక్కు మీద ఎవరో నిద్రపట్టని మనిషి ఏ భాషలోనో పాడుకుంటుంటే, కింద గిన్నెలు కడిగేవాళ్లు అదే పాట మరో భాషలో అందుకుంటారట. నాకు గిన్నెలు ద్వీపాలైపోయేవి. అన్నం రాశి పక్కన సాంబారు మెల్లగా తీరానికి వచ్చి వెనక్కి పోయేది. అమ్మ మోచెయ్యి నాన్న మోచేతికి తగిలేది. ఎవరూ జరిగేవారు కాదు. కట్టేసిన ఓడలో అరపూట ఉన్నానన్నానే, అసలు ప్రయాణం అంతా నేను ఈ బల్ల మీద చేశాను.

కానీ ట్రంకు ఇంకా సర్దే ఉంది. రెండు నిమిషాలు ఇరవై అయ్యాయి, అంతే. నెల్లూరాయన మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త షిప్పు వచ్చే నెల బయలుదేరుతుందట. ఆదివారం మధ్యాహ్నం చేస్తాను, అవునో కాదో తేల్చి చెప్పమన్నాడట. ఈ సంగతి నాన్న అమ్మకి చెప్పాడు. అమ్మ సరేనంది.

ఆ ఆదివారం చర్చిలో అమ్మ ఏం ప్రార్థించిందో నాకు తెలియదు. మామూలుకన్నా ఎక్కువసేపు కళ్లు మూసుకుంది. ఇంటికొచ్చి వంట చేసింది. నేను కంచాలు పెట్టడానికి వెళ్లి, అలవాటుగా బల్ల కిందికి చూశాను. మెనూ కార్డు కాలి కింద ఉంది. అమ్మ మరిచిపోయిందేమోనని వంటింట్లోకి వెళ్లి చెవిలో చెప్పాను.

"మరిచిపోలేదు," అంది అమ్మ. "ఇవ్వాళ ఉండనీ."

"మరి నాన్న..."

"తుఫాను తెచ్చి ఎన్నాళ్లు కూర్చోబెడతానే. ఇవ్వాళ ఆయన ఇష్టం."

పప్పు గిన్నె నాన్న తెచ్చాడు. బల్ల మీద పెట్టాడు. బల్ల కదల్లేదు. నీళ్లు కదల్లేదు. పైకప్పు మీద వెలుగు గచ్చులా గట్టిపడి ఉంది. నాన్న చెయ్యి గాల్లో ఆ మూలకి వెళ్లబోయి ఆగింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. అమ్మ తన కుర్చీలో కూర్చుని కంచంలోకి చూస్తోంది. పక్క కుర్చీ మీద చెయ్యి తట్టలేదు. నాన్న నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని, మద్రాసు హార్బరులో నిలబడ్డట్టే. నాకు ఆకలి వేయలేదు, నా విషయంలో అది రాసుకోదగ్గ సంగతి.

అప్పుడు నాన్న వంగాడు. నడుం మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా, బల్ల కిందికి. మెనూ కార్డుని లాగాడు. మడతలు విప్పి, షిప్పు బొమ్మ మీద బొటనవేలితో దుమ్ము తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. బల్ల తన వైపు ఒరిగింది. దాని మూల మీద ఎడంచెయ్యి వేశాడు.

"గాలి ఎక్కువైంది, మేడమ్," అన్నాడు.

కూర్చున్నాడు. అంచు మీద కాదు. వెనక్కి ఆని, నిండుగా.

అమ్మ పప్పు గిన్నె ఆయన వైపు జరిపింది.

పైనుంచి ఓనరమ్మ కేక వినిపించింది. "టీచరమ్మా, సారుకు మద్రాస్ నుంచి ఫోనొచ్చింది. జెల్ది రమ్మను."

నాన్న నా వైపు చూశాడు. "నువ్వెళ్లి చెప్పమ్మా. నేను లేస్తే బల్ల ఒరిగిపోతుంది."

మెట్లెక్కి ఫోన్ అందుకునేసరికి నాకు ఆయాసం వచ్చింది. అటు నెల్లూరాయన గొంతు, దాని వెనక సముద్రం లాంటి హోరు. మీ నాన్న ఏడమ్మా, అని అడిగాడు. అన్నం తింటున్నాడని చెప్పాను. సరే, ఎంతసేపట్లో లేస్తాడో చెప్పు, లైన్ మీదే ఉంటానన్నాడు. మెట్ల వైపు కిటికీలోంచి కిందకి చూశాను. మా తలుపు తెరిచే ఉంది. బల్ల ఒక మూల, దాని మీద రెండు మోచేతులు కనపడుతున్నాయి.

"తెలీదండీ," అన్నాను. "ఇప్పుడే కూర్చున్నాడు."